ప్రొటీన్ స్ఫటికం ఎక్స్-రే డేటాకి మోడల్‌ని సర్దుతున్నా (రిఫైన్‌మెంట్). ఆర్-ఫ్రీ (పక్కన పెట్టిన డేటాతో మోడల్‌కి ఎంత తేడా ఉందో చెప్పే అంకె) ఆగిపోయింది, బి-ఫ్యాక్టర్లు (ఒక్కో అణువు ఎంత చెదిరి ఉందో చెప్పే అంకెలు) మాత్రం రన్ రన్‌కీ మారుతున్నాయి. ఇది కన్వర్జ్ అయినట్టా (ఇక మారని చివరి చోటికి చేరినట్టా), కానట్టా?

ఉప్పల్_స్ఫటికం
పీహెచ్‌డీ రెండో ఏడు. 310 రెసిడ్యూల (అమైనో ఆమ్లాల) ప్రొటీన్, ఒకటే చైన్, స్పేస్ గ్రూప్ (స్ఫటిక సౌష్ఠవం) పీ212121, డేటా 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు (ఈ రిజల్యూషన్ అంకె ఎంత చిన్నదైతే అంత వివరం). రెఫ్‌మ్యాక్ ప్రోగ్రామ్‌లో ఒక్కో రన్‌కి పది సైకిళ్లు ఇస్తున్నా. ఆర్ (సర్దడానికి వాడిన డేటాతో తేడా, శాతంలో) 22.1, ఆర్-ఫ్రీ 26.4 దగ్గర ఆగిపోయి నాలుగు రన్‌లైంది. సగటు బి మాత్రం ఆగడం లేదు. మొదట 61, తర్వాత 55.2, 51.0, 48.3, ఈ పొద్దున 46.7. విల్సన్ బి (డేటా నుంచే నేరుగా వచ్చే సగటు బి అంచనా) చూస్తే 38. మధ్యలో కూట్‌లో (మోడల్‌ని చేత్తో సర్దే ప్రోగ్రామ్) పెద్దగా ఏమీ కట్టలేదు, రెండు సైడ్ చైన్లు తిప్పానంతే. శుక్రవారం ల్యాబ్ మీటింగ్. టేబుల్‌లో ఏ అంకె రాయాలో తెలియడం లేదు, టెన్షన్‌గా ఉంది.

నాచారం_నాని
ఆర్-ఫ్రీ కదలట్లేదంటే పని అయిపోయినట్టే తమ్ముడూ. చివరి ఫైలు తీసుకుని పీడీబీలో (ప్రొటీన్ స్ట్రక్చర్ల ఉమ్మడి భాండాగారం) డిపాజిట్ చేసెయ్. నేను ఇట్లాగే రెండు స్ట్రక్చర్లు పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు.

లిగాండ్_లక్ష్మి
నానీ, ఆ సలహా వద్దు. నేను మందుల తయారీ వైపు పని చేస్తాను. పీడీబీ నుంచి స్ట్రక్చర్ దించగానే మేం చూసేది బైండింగ్ సైట్ చుట్టూ బి ఎంతుంది, లిగాండ్ (ప్రొటీన్‌కి అతుక్కునే చిన్న అణువు) బి దాని చుట్టుపక్కల అణువులతో పోలిస్తే ఎలా ఉంది అనే. అది సగంలో ఆగిపోయిన అంకె అయితే, మా కెమిస్టులు దాన్ని నమ్మి రెండు నెలలు వేరే గుంపు తగిలించిన అణువులు తయారు చేస్తారు. ఎవరూ ఏమీ అనలేదంటే ఎవరూ అడగలేదని మాత్రమే.

నాచారం_నాని
సరే అక్కా, కానీ అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా. ఆర్-ఫ్రీ ఆ మెతుకు. 1992లో క్రిస్టలోగ్రాఫర్ బ్రంగర్ దాన్ని పెట్టింది అందుకేగా?

పాత_ఫిల్మ్_కెమెరా
మెతుకు సామెత గిన్నె అంతా ఒకేలా మరిగినప్పుడు పనికొస్తుంది. అడుగు మాడి, పైన బియ్యం పలుకుగా ఉన్న గిన్నెలో మధ్యలోంచి తీసిన మెతుకు ఏం చెబుతుంది? ఆర్-ఫ్రీ మొత్తం మోడల్‌కి ఒకటే అంకె. బ్రంగర్ దాన్ని తెచ్చింది మోడల్‌ని డేటాకి అతిగా ఫిట్ చేస్తున్నామా అని పట్టుకోవడానికి. ప్రతి అణువు బి తన చోటికి చేరిందా లేదా అన్నది దానికి పెట్టిన ప్రశ్న కాదు.

ఉప్పల్ తమ్ముడు చెప్పిన లక్షణం నాకు బాగా తెలిసిందే. దానికి కారణం స్కేల్. లెక్కించిన ఎఫ్‌ని (ఒక్కో ఎక్స్-రే చుక్క బలం చెప్పే అంకె) కొలిచిన ఎఫ్ పక్కన పెట్టేటప్పుడు ప్రోగ్రామ్ ఒక స్కేలూ, దానితో పాటు మొత్తానికి ఒక బి కూడా సర్దుతుంది. ఇప్పుడు అన్ని అణువుల బి మీద పది పెంచి, ఆ మొత్తం బి లోంచి పది తగ్గించావనుకో. ప్రొటీన్ వైపు నుంచి వచ్చే ఎఫ్ అక్షరాలా అదే. ఆర్ కదలదు, ఆర్-ఫ్రీ కదలదు, పీడీబీ ఫైల్లో అంకెలు మాత్రం పది మారతాయి. కాబట్టి ఆర్ నిలబడి ఉండగా సగటు బి జారుతోందంటే ఆశ్చర్యం లేదు.

రెండోది, బి ఎక్కువగా ఉన్న అణువు ఎంత నెమ్మదిగా కదులుతుందో లెక్క వేసి చూడు. డి రిజల్యూషన్ దగ్గర అణువు ఇచ్చే బలం తగ్గేది బి ని నాలుగు డి-స్క్వేర్‌లతో భాగించిన ఘాతాంకం చొప్పున. 2.4 దగ్గర బి 40 ఉన్న అణువుకి 17.6 శాతం మిగులుతుంది. బి 80 అయితే 3 శాతం. బి 95 అయితే 1.6 శాతం. అంటే నీ డేటాలో పై అంచున ఆ అణువు ఉందో లేదో దాదాపు తెలియదు. ఉందో లేదో తెలియని దాన్ని ఎటు జరపాలో మాత్రం డేటా ఏం చెబుతుంది? వాలు చాలా చదునుగా ఉంటుంది, సైకిల్‌కి కొంచెం కొంచెం పాకుతుంది.

ఉప్పల్_స్ఫటికం
సార్, స్కేల్ గురించి ఇలా ఎవరూ చెప్పలేదు. మరి పది సైకిళ్లు చాలవా? అదే కదా ముందే పెట్టి ఉండే అంకె.

పాత_ఫిల్మ్_కెమెరా
కూట్‌లో రెండు సైడ్ చైన్లు సర్ది మళ్లీ నడిపేటప్పుడు పది చాలు, ఎందుకంటే మోడల్ అప్పటికే తన చోటి దగ్గరే ఉంది. మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్ (పోలిక ఉన్న మోడల్‌తో మొదలెట్టే పద్ధతి) నుంచి అప్పుడే వచ్చిన మోడల్‌కి, అందులోనూ బి లు ఎక్కడో మొదలైనప్పుడు, పది అంటే ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి బయల్దేరి తార్నాకలో దిగిపోవడం. నలభై ఇవ్వు. 310 రెసిడ్యూలకి ఎంతసేపూ కాదు, టీ తాగి వచ్చేసరికి అయిపోతుంది.

గణితం_గీత
నాకు సైకిళ్ల కంటే పెరామీటర్ల లెక్క ముఖ్యం అనిపిస్తుంది. 310 రెసిడ్యూలంటే హైడ్రోజన్లు వదిలేస్తే దగ్గర దగ్గర 2,450 అణువులు. ఒక్కోదానికి ఎక్స్, వై, జడ్, బి కలిపి నాలుగు. మొత్తం 9,800. స్ఫటికంలో నీరు మామూలుగా సగం లోపే ఉంటుందనుకుంటే 2.4 ఆంగ్‌స్ట్రామ్‌లకి యూనిక్ రిఫ్లెక్షన్లు (విడివిడి ఎక్స్-రే చుక్కలు) పన్నెండు వేల చిల్లర. 12,400 పరిశీలనలతో 9,800 తెలియని వాటిని పట్టుకోవాలి. రెస్ట్రెయింట్లు (బంధాల పొడవుల్లాంటి ముందే తెలిసిన హద్దులు) లేకపోతే ఇది నిలబడదు. అందుకే బి లు ఎక్కడికి చేరతాయన్నది ఆ హద్దులకిచ్చే వెయిట్ మీద కూడా ఆధారపడుతుంది. బి రెస్ట్రెయింట్ వెయిట్ ఎంతిచ్చావు?

ఉప్పల్_స్ఫటికం
ఏమీ ముట్టుకోలేదు మేడమ్, ఆటోమేటిక్‌గా వదిలేశా.

గణితం_గీత
అయితే ప్రస్తుతానికి అలాగే ఉంచండి. ఒకటి గుర్తుంచుకోండి. పక్కపక్క అణువుల బి తేడాని రెఫ్‌మ్యాక్ మామూలు తీసివేతతో కొలవదు. రెండు గాసియన్ల (గంట ఆకారపు వంపుల) మధ్య కుల్‌బ్యాక్-లీబ్లర్ దూరంతో కొలుస్తుంది, అది నిష్పత్తినే చూస్తుంది. అంటే 10కీ 20కీ ఉన్న తేడా, 40కీ 80కీ ఉన్న తేడా దానికి సమానమే. బి లన్నీ పైన ఎక్కడో ఉంటే, అంకెల్లో పెద్ద తేడాలని కూడా అది తేలిగ్గా ఒప్పుకుంటుంది.

అణువుల_ఆచారి
నేను కెమిస్ట్రీ వైపు, చిన్న అణువుల స్ట్రక్చర్లు చేస్తాను. మీ మాటలు చదువుతుంటే ఒక్కటి అర్థం కావడం లేదు. మాకు షెల్‌ఎక్స్‌ఎల్ ప్రోగ్రామ్ ప్రతి సైకిల్‌కీ ఒక నిష్పత్తి చూపిస్తుంది. పెరామీటర్ ఎంత జరిగింది, దాని అనిశ్చితి ఎంత, ఈ రెంటి భాగహారం. అది 0.01 కిందకి రాకపోతే రిఫైన్‌మెంట్ ఆగినట్టు ఎవరూ ఒప్పుకోరు, అది మరీ పెద్దదిగా ఉంటే పేపర్‌తో పాటు పంపే ఫైల్‌ని తనిఖీ చేసే ప్రోగ్రామ్ కూడా ఎత్తి చూపుతుంది. ప్రొటీన్ల వాళ్లు ఆర్ ఆగింది కాబట్టి అయిపోయిందంటారేంటి?

పాత_ఫిల్మ్_కెమెరా
ఆచారి గారూ, అడగాల్సిన ప్రశ్నే. మీకు ఫుల్ మ్యాట్రిక్స్ (అన్ని పెరామీటర్ల మధ్య సంబంధాల పట్టిక) తిరగేయడం కుదురుతుంది కాబట్టి అనిశ్చితి చేతికొస్తుంది. మాకు 9,800 పెరామీటర్లకి ఆ మ్యాట్రిక్స్ కట్టి తిరగేయడం రోజువారీ పని కాదు. రెఫ్‌మ్యాక్ రెండో డెరివేటివ్‌లని ఉజ్జాయింపుగా తీసుకుంటుంది, ఫీనిక్స్ ప్రోగ్రామ్ ఎల్-బీఎఫ్‌జీఎస్ అనే పద్ధతి వాడుతుంది. రెండింట్లోనూ అణువు అణువుకీ అనిశ్చితి బయటికి రాదు. కానీ అనిశ్చితి రాదు కాబట్టి జరుగుదల కూడా చూడక్కర్లేదని మావాళ్లు అనుకోవడం ఉందే, అది నాకూ నచ్చదు. సైకిల్ సైకిల్‌కీ బి ఎంత మారిందో చూడటానికి ఏ మ్యాట్రిక్సూ అక్కర్లేదు, రెండు ఫైళ్లు పక్కపక్కన పెడితే చాలు.

మౌలాలి_మాధవి
అసలు బి అన్నదే చాలామందికి మంత్రంలా ఉంది. మా జూనియర్లకి నేను ఇలా చెబుతా. బి ని 79తో భాగించి వర్గమూలం తీస్తే అణువు తన చోటు నుంచి ఒక దిశలో సగటున ఎంత జరిగి ఉందో ఆంగ్‌స్ట్రామ్‌లలో వస్తుంది. బి 20 అంటే అర ఆంగ్‌స్ట్రామ్. బి 80 అంటే పూర్తి ఆంగ్‌స్ట్రామ్. కార్బన్-కార్బన్ బంధమే ఒకటిన్నర. ఇక బి 80 ఉన్న అణువు మీద హైడ్రోజన్ బాండ్ 2.9 అని దశాంశంతో చెప్పడం ఎందుకు?

కొత్త_క్రయో
బి ని టెంపరేచర్ ఫ్యాక్టర్ అంటారు కదా. 100 కెల్విన్‌లో డేటా తీస్తే బి లు తగ్గిపోవాలి. నాకు 100 కెల్విన్‌లోనే 55 వచ్చింది.

పాత_ఫిల్మ్_కెమెరా
భౌతిక శాస్త్రవేత్తలు డిబై 1913లో, వాలర్ 1923లో రాసింది వేడికి అణువులు ఊగడం గురించి. ప్రొటీన్‌లో అదొక్కటే కాదు. ఒక యూనిట్ సెల్‌లో లూప్ ఇటు, పక్క సెల్‌లో అటు ఉంటే అది కదలకపోయినా సగటు డెన్సిటీ పరుచుకుంటుంది, బి పెరుగుతుంది. ఎంత చల్లబరిచినా అది పోదు. అందుకే 1996లో అంతర్జాతీయ క్రిస్టలోగ్రఫీ సంఘం ఉపసంఘం టెంపరేచర్ ఫ్యాక్టర్ అనొద్దు, అటామిక్ డిస్‌ప్లేస్‌మెంట్ పెరామీటర్ అనండి అని చెప్పింది. పేరులోంచి వేడిని తీసేశారన్నమాట.

సైనిక్‌పురి_సాగర్
ఉప్పల్ బ్రో, టీఎల్‌ఎస్ వాడుతున్నావా? వాడితే ఒకటి చూసుకో. నేను దీంట్లో నెల రోజులు పోగొట్టుకున్నా. టీఎల్‌ఎస్ గ్రూపుకి ఇరవై పెరామీటర్లు, గ్రూపు మొత్తం కలిసి ఊగడాన్ని అవి మోస్తాయి, మిగిలింది అణువు బి లో ఉంటుంది. నేను చివర్లో రెండూ కలిపిన బి రాసే ఆప్షన్ ఆన్ చేశా, టేబుల్‌కి అదే కావాలి కాబట్టి. అంతవరకు సరే. తర్వాత ఆ కలిపిన ఫైలునే మళ్లీ టీఎల్‌ఎస్‌తో పాటు రిఫైన్‌మెంట్‌కి ఇచ్చా. టీఎల్‌ఎస్ భాగం రెండుసార్లు పడింది. రన్ రన్‌కీ బి లు ఎక్కుతూ పోయాయి, నేనేమో స్ఫటికం బాగాలేదని మళ్లీ స్ఫటికాలు పెట్టడం మొదలెట్టా. మా సీనియర్ అక్క ఒక సాయంత్రం నా ఫోల్డర్ తెరిచి ఫైళ్ల పేర్లు చూసి పట్టుకుంది.

ఉప్పల్_స్ఫటికం
టీఎల్‌ఎస్ ఇంకా మొదలెట్టలేదు అన్నా. నాకు బి లు ఎక్కడం లేదు, దిగుతున్నాయి.

లిగాండ్_లక్ష్మి
సగటు వదిలేసి రెసిడ్యూల వారీగా చెప్పు. కోర్‌లో ఒక మంచి హెలిక్స్, బయట ఒక లూప్. రెండింటి బి ఎంతెంత? మ్యాప్‌లో (ఎలక్ట్రాన్ డెన్సిటీ పటంలో) ఆ రెండూ ఎలా ఉన్నాయి?

ఉప్పల్_స్ఫటికం
చూసి చెబుతున్నా అక్కా. 60 నుంచి 78 వరకు హెలిక్స్, కోర్‌లోనే ఉంది, సగటు బి 52. 142 నుంచి 150 వరకు లూప్, సగటు 45. హెలిక్స్‌కి మ్యాప్ చాలా బాగుంది, 70 దగ్గర ఫినైల్‌అలనైన్ రింగు మధ్యలో రంధ్రం కనిపించినంత పని. లూప్‌కి ఒక సిగ్మా (మామూలుగా చూసే స్థాయి) దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంది, 146 దగ్గర అసలేం లేదు.

మౌలాలి_మాధవి
ఆగు. డెన్సిటీ లేని లూప్‌కి 45, రింగు కనిపించే హెలిక్స్‌కి 52? తిరగబడి ఉంది.

పాత_ఫిల్మ్_కెమెరా
మోడల్ ఎక్కడిది తమ్ముడూ? మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్‌కి ఏం వాడావు?

ఉప్పల్_స్ఫటికం
ఆల్ఫాఫోల్డ్ (కంప్యూటర్ ఊహించిన) మోడల్ సార్. దించి నేరుగా ఫేజర్ ప్రోగ్రామ్‌కి ఇచ్చా, మొదటిసారే సొల్యూషన్ వచ్చింది.

లిగాండ్_లక్ష్మి
దొరికింది.

మౌలాలి_మాధవి
అయ్యో తమ్ముడూ. ఆ ఫైల్లో బి కాలమ్‌లో ఉండేది బి కాదు. పీఎల్‌డీడీటీ. మోడల్‌కి తన మీద తనకున్న నమ్మకం, వందకి ఇంత అని. నమ్మకం ఎక్కువైతే అంకె పెద్దది. బి లో అంకె పెద్దదైతే అణువు చెదిరి ఉన్నట్టు. అర్థం సరిగ్గా రివర్స్. నీ హెలిక్స్ 95తో బయల్దేరింది, లూప్ 40తోనో 45తోనో బయల్దేరింది. రెఫ్‌మ్యాక్ పాపం హెలిక్స్‌ని 95 నుంచి ఇంత దూరం లాక్కొచ్చింది. లూప్‌కి డేటాలో బలమే లేదు, అది ఉన్నచోటే కూర్చుంది.

పాత_ఫిల్మ్_కెమెరా
నేను పైన రాసిన 1.6 శాతం గుర్తుందా? బి 95. నీ కోర్ మొత్తం అక్కడ మొదలైంది. సొల్యూషన్ ఎందుకు వచ్చిందంటే, కోర్ అణువులన్నీ 90 పైనే ఉన్నాయి కాబట్టి వాటిలో వాటికి పోలిక చెడలేదు, తప్పు బరువు పడింది కొద్దిపాటి లూపులకే. లూపులు ఎక్కువగా ఉన్న ప్రొటీన్ అయితే ఫేజర్ కూడా ఇబ్బంది పడేది, ఎందుకంటే అది మోడల్ బి లని పట్టించుకుంటుంది.

ఫీనిక్స్‌లో ఈ మోడళ్లని మార్చే పనిముట్టు ఉంది, సీసీపీ4 ప్రోగ్రామ్‌ల గుంపులోనూ దారి ఉంది. అవి పీఎల్‌డీడీటీని బి గా మార్చి, నమ్మకం తక్కువున్న ముక్కలు కత్తిరించి ఇస్తాయి. ఆ సూత్రం ప్రకారం 95 స్కోరుకి బి సుమారు 8 వస్తుంది, 45 స్కోరుకి 400 దాటుతుంది. నువ్విచ్చింది 95, 45. ఎంత తేడానో చూడు.

నాచారం_నాని
ఆ మోడళ్లని ఇలా మార్చాలని నాకిప్పటిదాకా తెలియదు. నా రెండో స్ట్రక్చర్ కూడా ఆల్ఫాఫోల్డ్ నుంచే మొదలైంది. పేపర్ ఇంకా రివ్యూలో ఉంది. ఈ రాత్రికే తెరిచి చూస్తా.

ఉప్పల్_స్ఫటికం
ఇప్పుడేం చేయాలి? మళ్లీ మొదటి నుంచా?

పాత_ఫిల్మ్_కెమెరా
అక్కర్లేదు. ఇప్పటి కోఆర్డినేట్లు ఉంచుకో. బి లన్నింటినీ విల్సన్ విలువకి, అంటే 38కి సెట్ చేసి నలభై సైకిళ్లు నడుపు. కూట్‌లో ఏదీ ముట్టుకోకు, అదే ఫ్రీ సెట్ (ఆర్-ఫ్రీ కోసం పక్కన పెట్టిన డేటా), అదే వెయిట్. ప్రతి సైకిల్ సగటు బి లాగ్ ఫైల్లోంచి తీసి గ్రాఫ్ వెయ్యి.

గణితం_గీత
ఒక్క చోటి నుంచి మొదలెట్టి అది ఆగింది కదా అంటే నేనొప్పుకోను. 38 నుంచి బయల్దేరి 43 దగ్గర ఆగితే, అది నిజంగా చివరిదా, నడవలేక ఆగిందా ఎలా తెలుస్తుంది? ఇంకో కాపీని 20 నుంచి నడపండి. రెండూ ఒకేచోట కలవాలి. అణువు అణువుకీ కలవాలి, సగటులో కలిస్తే చాలదు.

అణువుల_ఆచారి
ఇది నాకు నచ్చింది. మా 0.01 కంటే కూడా కొన్నిసార్లు ఇదే గట్టి పరీక్ష.

కొత్త_క్రయో
మధ్యలో నాదొకటి. ఒక నీటి అణువు బి ఎన్నిసార్లు నడిపినా అన్నిటికన్నా కింద, 2 దగ్గరకొచ్చి అతుక్కుంటోంది. చుట్టూ రెండు హిస్టిడీన్లు, ఒక సిస్టీన్. ఇది కూడా కన్వర్జ్ కాకపోవడమేనా?

లిగాండ్_లక్ష్మి
అది నీరు కాదు, జింక్ పెట్టి చూడు. నీటికి పది ఎలక్ట్రాన్లు, జింక్‌కి ముప్ఫై. అక్కడున్న డెన్సిటీకి నీ అణువు చాలడం లేదు, దాన్ని వీలైనంత కుదించి లోటు పూడ్చాలని ప్రోగ్రామ్ బి ని కిందకి తోస్తోంది. దానికి రివర్స్ కూడా ఉంటుంది. సగం స్ఫటికంలోనే కూర్చున్న లిగాండ్‌కి ఆక్యుపెన్సీ (స్ఫటికంలో ఎంత భాగంలో ఉందో చెప్పే అంకె) ఒకటి ఇస్తే బి కొండెక్కుతుంది. 2.4 దగ్గర ఆ రెండింటినీ కలిపి వదిలేస్తే ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఎక్కడా ఆగవు. ఒకటి పట్టి ఉంచి రెండోది వదలాలి.

కొత్త_క్రయో
జింక్ పెట్టా. బి 24కి వచ్చింది, చుట్టూ ఉన్న హిస్టిడీన్లు 22, 23. ధన్యవాదాలు అక్కా!

సైనిక్‌పురి_సాగర్
ఇంత కష్టం ఎందుకు, బి లని అనైసోట్రోపిక్‌లో (దిశని బట్టి మారేలా) పెట్టేస్తే ఆర్ పడిపోతుంది కదా అని మా ల్యాబ్‌లో ఒకరు అంటున్నారు.

గణితం_గీత
2.4 దగ్గర వద్దు. అణువుకి తొమ్మిది పెరామీటర్లు, 22 వేలకి వెళ్తాయి, రిఫ్లెక్షన్లు 12,400. ఆర్ పడుతుంది, ఆర్-ఫ్రీ పడదు. 1.2 ఆంగ్‌స్ట్రామ్‌ల డేటా ఉంటే ఇదే ప్రొటీన్‌కి రిఫ్లెక్షన్లు 99 వేల దాకా వస్తాయి, అప్పుడు మాట్లాడుకుందాం. టీఎల్‌ఎస్‌లో మూడు గ్రూపులకి అరవై పెరామీటర్లే, ఈ రిజల్యూషన్‌కి తగ్గ దారి అది.

ఉప్పల్_స్ఫటికం
నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయి రన్ ఆగిపోయింది, అందుకే ఆలస్యం. ఇప్పుడే రెండూ పూర్తయ్యాయి.

38 నుంచి మొదలెట్టింది 27వ సైకిల్ దాటాక దాదాపు ఆగింది, సగటు 43.6. చివరి ఐదు సైకిళ్లలో మార్పు 0.1 లోపు. 20 నుంచి మొదలెట్టింది 43.4. రెండు ఫైళ్లలో అణువుల బి లు ఒకదానిమీద ఒకటి గీస్తే హెలిక్స్‌లు, షీట్లు అన్నీ గీత మీదే ఉన్నాయి. హెలిక్స్ సగటు 31. లూప్ 88. ఆర్ 21.3, ఆర్-ఫ్రీ 25.1.

గీత నుంచి పక్కకి జరిగినవి నాలుగే అణువులు, 146 లైసీన్ సైడ్ చైన్ చివరివి. ఒక ఫైల్లో 97, ఇంకో దాంట్లో 109.

మౌలాలి_మాధవి
ఆర్-ఫ్రీ ఆగిపోయిందన్నావు, 1.3 దిగింది చూశావా!

పాత_ఫిల్మ్_కెమెరా
ఆ నాలుగు అణువులూ ఎప్పటికీ కలవవు, ఎందుకంటే వాటి గురించి డేటా ఏమీ చెప్పడం లేదు. మిగతావన్నీ కన్వర్జ్ అయ్యాయి.

లిగాండ్_లక్ష్మి
అయితే 146 సైడ్ చైన్ తీసేయాలా, ఉంచాలా? నేనైతే తీసేస్తా. కనిపించని అణువుకి కోఆర్డినేట్ ఇస్తే నాలాంటి వాళ్లు దాన్ని నమ్మి డాకింగ్ (కంప్యూటర్‌లో మందు అణువుని అమర్చి చూడటం) చేస్తారు.

మౌలాలి_మాధవి
నేను ఉంచుతా. లైసీన్ అక్కడ ఉందన్నది నిజమే కదా, బి 100 అని పక్కనే రాసి ఉంది. తీసేస్తే చార్జ్ లెక్కలు వేసేవాళ్లు అక్కడ అలనైన్ అనుకుంటారు.

లిగాండ్_లక్ష్మి
బి కాలమ్ చూసేవాళ్లు ఎంతమంది మాధవీ? ఈ థ్రెడ్ మొదలైందే ఆ కాలమ్‌లో ఏముందో చూడకపోవడం వల్ల.

మౌలాలి_మాధవి
అది మాత్రం కాదనలేను.

ఉప్పల్_స్ఫటికం
146కి సీ-బీటా (సైడ్ చైన్ మొదటి కార్బన్) వరకే ఉంచుతున్నా. ఇప్పుడు మూడు గ్రూపులతో టీఎల్‌ఎస్ మొదలెడుతున్నా. సాగర్ అన్నా, కలిపిన బి ల ఫైలుకి వేరే ఫోల్డర్ పెట్టాను. రెండు గ్రాఫ్‌లూ శుక్రవారం మీటింగ్‌లో చూపిస్తా.

నాచారం_నాని
నాది కూడా అదే. రెండో స్ట్రక్చర్‌లో బి లు 30 నుంచీ, 20 నుంచీ రెండుసార్లు నడిపా. సగటు 52 అని రాసింది 39 అయింది. పేపర్‌లో మేం గట్టిగా ఉందని రాసిన లూప్ 104. డెన్సిటీ మళ్లీ చూస్తే అక్కడ నిజంగానే ఏమీ లేదు. ఎడిటర్‌కి మెయిల్ రాశాం, సరిదిద్దిన టేబుల్, కొత్త కోఆర్డినేట్లు సోమవారం పంపుతున్నాం. మొదటి స్ట్రక్చర్‌ది పాత మోడల్, అది ఈ వారాంతం చూస్తా.